తుంగమడుగులో క్రౌంచధ్వజం

శిలావతి సేన కొండవాలు మీద బారులు తీరి నిలబడిన వైభవం కళ్లారా చూడవలసిందే గాని చెప్పనలవి కాదు. అలాగని చెప్పకుండా ఉండడానికి నా నోరు ఊరుకోదు. ముందు వరసలో పులిదళం, చారల తోళ్లు కప్పుకుని, నల్లరాతి పలుకులు పొదిగిన కర్రకత్తులు పట్టుకుని నిలిచింది. దాని వెనక డేగదళం, ప్రతి తల మీదా మూరెడు ఈకలు. అటు వెనక తాబేటిదళంవాళ్లు పత్తి కుక్కి కుట్టిన దళసరి కవచాల్లో కదలని బండల్లా ఉన్నారు. ఎండ పడేసరికి పచ్చలూ పగడాలూ పోసిన రాశిలా ఆ వాలంతా తళతళలాడింది. వీటన్నిటి నడుమా, అన్నిటికంటే ఎత్తుగా, రెండు నిలువుల వెదురు గడ మీద తెల్లకొంగ ఈకలు వేలాడుతూ, వెండిబిళ్ల మెరుస్తూ క్రౌంచధ్వజం నిలిచి ఉంది.

ఆ ధ్వజం సంగతి తెలియకపోతే ఈ కథే తెలియదు. దాన్ని ఎవరూ చేత్తో పట్టుకోరు. పొద్దు పొడవగానే ధ్వజధారి వీపుకు ఏడు పేటల తాడుతో బిగించి కట్టేస్తారు. పొద్దు గుంకే దాకా ఆ ముడి విప్పడానికి రాజుకైనా అధికారం లేదు. ధ్వజధారి వెనకడుగు వేయకూడదు. ధ్వజం నిలిచినంతసేపూ సేన పోరాడుతుంది. అది నేలకొరిగిందా, గెలుస్తున్న వీరుడైనా సరే ఆయుధం కింద పెట్టి ఇంటిదారి పట్టవలసిందే. ఆ సీమలో రాజ్యాలన్నిటికీ ఇదే కట్టుబాటు.

ఆ యేడు ధ్వజం మోసే పని మైలారుడికి దక్కింది. రాజవంశం వాడు కాదు, సామంతుడు కాదు, కొండదారిలో ఉప్పుకావళ్లు మోసిన మనిషి. అంతటి గడని వీపున కట్టుకుని రోజంతా నిటారుగా నిలబడగలవాడు రాజ్యం మొత్తానికి అతనొక్కడే కనబడ్డాడు. అతని తమ్ముడు సారంగుడు సేనకు తిండి మోసే కావళ్లవాళ్లలో ఒకడు. తల్లీ తండ్రీ ఒకే జాతరలో వాంతుల జబ్బు తగిలి పోయిననాటి నుంచి సారంగుడికి అమ్మయినా నాన్నయినా అన్నే. ఊళ్లో అందరూ ధ్వజధారి తమ్ముడివంటూ భుజం తడుతుంటే, వాడికి మాత్రం లోపల ఒకటే గుబులు. అన్న యుద్ధం నాటి సాయంత్రం తాడు విప్పించుకుని తిరిగి రావాలి. సారంగుడికి కావలసింది అంతే.

ఇక ఎదటి పక్షం. తుంగమడుగు అనే వెడల్పాటి చిత్తడికి అవతల మరుధాని రాజు మారకుడు పదివేలమందితో దిగాడు. శిలావతికీ మరుధానికీ మూడు తరాల పగ. ఆ పగ తీర్చుకోవడానికి ఈసారి అతను ఓడదొరల్ని వెంటబెట్టుకొచ్చాడు. సముద్రం మీద నుంచి ఊడిపడ్డ ఈ దొరలు నాలుగు వందలమందే. కాని ఒంటి నిండా ఇనుము, చేతుల్లో నిప్పుగొట్టాలు. ఎనభైమందికి నడుము దాకా మనిషి రూపం, కింద నాలుగు కాళ్ల మృగం రూపం. శిలావతి వేగులవాళ్లు అలాగే చెప్పారు, అందరూ అలాగే నమ్మారు. ఆ దొరల నాయకుడి పేరు బెరాండు. ఎర్రగడ్డం, ఎడమ చెవి లేదు. అతని పక్కనే, శిలావతి నుంచి ఒకప్పుడు వెళ్లగొట్టిన మాంత్రికుడు జంభలుడు పొగకుండ ఒకటి ఒళ్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మూడు రోజులు నడిచి వచ్చిన ఆ సేన దగ్గర గింజ లేదని తెలియగానే శిలావతి దండనాయకుడు కేతనుడు పొయ్యిలు రాజేయమన్నాడు. మనకు వింతగా ఉంటుంది గాని, ఆకలితో ఉన్నవాడి మీద కత్తి ఎత్తకూడదన్నది వాళ్ల పద్ధతి. గెలిస్తే ఆకలి గెలిపించిందంటారు, ఆ గెలుపు ఎవడికి కావాలి? కాబట్టి యుద్ధానికి ముందురోజు శత్రువుకు కడుపునిండా తిండి పంపాలి. తిన్నవాళ్లు అందులోంచే ఒక ముద్ద దాచి, మర్నాడు పొద్దున్నే తెచ్చి పెట్టినవాళ్ల చేతికి తిరిగి ఇవ్వాలి. దాన్ని ఎదురుముద్ద అంటారు. అది చేతులు మారాకే మొదటి బాణం. ఆ లోపల కొట్టినవాడికి ఆ జన్మలో ఎవరూ పిడికెడు మెతుకులు పెట్టరు.

వడ్డన ఆడవాళ్లదే. యాభైమంది తినేవాళ్లకు ఒక వడ్డించే చెయ్యి ఉండాలి, ఒక్కటి తగ్గినా శత్రువును అవమానించినట్టే. వంటశాల పెద్ద గౌరసాని రెండువందల ఎనిమిదిమంది ఆడవాళ్లను లెక్కపెట్టుకుని బయలుదేరబోతుండగా ఒక అమ్మాయి కాలు మడతపడి కూలబడింది. గౌరసాని అటు చూసింది, ఇటు చూసింది. కావళ్లు సర్దుతున్న సారంగుడి మీద ఆమె కళ్లు ఆగాయి. మీసాలు ఎప్పుడు మొలుస్తాయా అని వాడు దిగులుపడే వయసు. ఆమె మారుమాట లేకుండా ఆ అమ్మాయి చీర తెచ్చి వాడికి చుట్టబెట్టింది.

“అవ్వా, నేను మగాణ్ణి కదే,” అన్నాడు సారంగుడు.

“అది మా అందరికీ తెలిసిందేలేరా. ముసుగు లాక్కో, నోరు ముయ్యి. అక్కడ ఒక పంక్తికి తిండి అందకపోతే పోయే పరువు నీ మగతనం కంటే పెద్దది,” అన్నది గౌరసాని.

అలా, జొన్నరొట్టెల గంపలతో, గుమ్మడికాయ పులుసు కడవలతో, కాల్చిన కంజుపిట్టలతో, మిరపకారం ముంతలతో ఆ ఊరేగింపు చిత్తడిని చుట్టి శత్రువు పాళెంలోకి నడిచింది. సారంగుడికి చీర కుచ్చెళ్లు కాళ్లకు అడ్డంపడి మూడుసార్లు ప్రాణం పోయినంత పనయింది. పాళెం వాకిట్లోకి రాగానే వాడు చూసిన దృశ్యం ఏమిటంటే, నాలుగు కాళ్ల దొర ఒకడు ఆగి, నడుము దగ్గర రెండుగా విడిపోయి, పైభాగం కిందికి దూకి, కాళ్లు విదిలించుకుంటూ నడిచి వెళ్లిపోయాడు. కిందిభాగం మాత్రం తల వంచి గడ్డి మేయసాగింది. సారంగుడు రొట్టెల గంపతో అలాగే కొయ్యబారిపోయాడు. గౌరసాని మోచేత్తో డొక్కలో పొడిస్తే గాని కదల్లేదు.

అది దెయ్యం కాదు, జంతువు. అయితే ఎంత అందమైన జంతువు! నిగనిగలాడే మెడ, గాలికి ఎగిరే జూలు, పెద్ద కళ్లు. శత్రువుదని తెలిసీ దాని మెడ నిమరాలని వాడికి చెయ్యి ఉవ్విళ్లూరింది. అదే సమయంలో మడుగు అంచున మరో గుర్రం నీళ్లు తాగబోయి ముందుకాళ్లు మోకాళ్ల దాకా బురదలో దిగబడి బెదిరిపోయింది. నలుగురు దొరలు పగ్గాలు పట్టి లాగితే, చెమటలు కక్కి, ఎలాగో గట్టెక్కింది. సారంగుడు అదీ చూశాడు.

వడ్డన మొదలయింది. మరుధానివాళ్లు పద్ధతి తెలిసినవాళ్లు కనక కళ్లకద్దుకుని తిన్నారు. ఓడదొరలు మొదట వాసన చూసి, పక్కవాడికి తినిపించి చూసి, ఆ తరవాత ఎగబడ్డారు. కారం ముంత తగిలిన ప్రతి దొరా గొంతు పట్టుకుని గంతులేశాడు. బెరాండు మాత్రం వడ్డించిన కారమంతా రొట్టెకు రాసుకుని, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నా మంచినీళ్లు అడగకుండా, చివరి ముక్క దాకా తిన్నాడు. శత్రువైతేనేం, మొండివాడు. మరుధానివాళ్లే ముక్కున వేలేసుకున్నారు.

అప్పుడు జంభలుడు లేచాడు. పొగకుండ చంకలో పెట్టుకుని పంక్తుల వెంట నడుస్తూ ఒక్కొక్క ఆడమనిషి చేతి వంకా చూస్తూ వచ్చాడు. సారంగుడి మొరటు చెయ్యి చూసి ఆగి మణికట్టు పట్టుకున్నాడు. వీళ్లు వేగులవాళ్లని, తిండి వంకతో పాళెం కొలుచుకుపోతున్నారని, అందరి కుడిచేతులూ నరికి పంపమని అతను బెరాండుతో చెప్పాడు. దుబాసీ ఆ మాటను దొరల భాషలోకి తిప్పగానే నలభై కత్తులు ఒరల్లోంచి బయటికొచ్చాయి. గౌరసాని గరిటె కింద పెట్టలేదు. 

మారకుడు తినే పళ్లెం ముందు నుంచి లేచాడు. ఆరడుగుల మనిషి, మెడలో పులిగోళ్ల దండ, పగలో పుట్టి పగలో పెరిగినవాడు. వచ్చి, ఎంగిలి చెయ్యిని అలాగే చాచి, దొరల రొట్టెలు కోసే దుంగ మీద పెట్టాడు.

“పెట్టిన చెయ్యి నరకాలంటే ముందు తిన్న చెయ్యి నరకండి. నా వెనక ఇంకా పదివేలు ఉన్నాయి, ఒక్కొక్కటే వస్తాయి,” అన్నాడు.

బెరాండు నవ్వబోయాడు. మారకుడి మొహం చూసి నవ్వు మింగేశాడు. కత్తులు ఒరల్లోకి వెళ్లాయి. శత్రురాజుకు చేతులెత్తి మొక్కాలనిపించింది సారంగుడికి. చేతిలో పులుసు కడవ ఉండడం వల్ల ఊరుకున్నాడు గాని.

ఆ పిమ్మట దొరలూ మారకుడూ రేపటి పని మాట్లాడుకున్నారు. వేగులన్న మాటను మారకుడు తోసేశాక వడ్డించే ఆడవాళ్లను ఎవరూ లెక్కచేయలేదు. బెరాండు నేల మీద కత్తిమొనతో గీస్తూ చెప్పినది దుబాసీ మారకుడికి తెలియజేశాడు. సేనతో పనిలేదట. ధ్వజం పడితే చాలు, అంతా ఇళ్లకు పోతారని జంభలుడు చెప్పాడట. ఎనభై గుర్రాలూ మడుగు పక్కగా చుట్టి వాలెక్కి, తిన్నగా ధ్వజధారి మీదికే దూకించి తొక్కించేస్తారట.  మారకుడు, ఎదురుముద్ద ఇచ్చాకే ఎవరైనా కదలాలని, అంతకుముందు కదిలితే తన మనిషి ఒక్కడూ లేవడని అన్నాడు. అప్పటికి దుబాసీ నోటినిండా కంజుపిట్ట ఉంది. అంత పొడుగు మాటను అతను ఒక్క తలూపుతో సరిపెట్టాడు. బెరాండూ తలూపాడు. ఏం మాట ఇచ్చాడో ఇచ్చినవాడికే తెలియదు.

సారంగుడు చీర మోకాళ్ల పైకి ఎగగట్టి పరుగెత్తిన పరుగు ఆ కొండవాలు ఎన్నడూ చూసి ఉండదు. పొద్దు గుంకగానే కేతనుడి డేరాకు చేరి, అన్న ఎదటే చూసినదీ విన్నదీ కక్కేశాడు. రేపొక్కరోజు అన్నను వెనక వరసలో, రాళ్ల మాటున నిలబెట్టమని కేతనుడి కాళ్లు పట్టుకున్నాడు. మునుపు నిలిచిన చోటికి వెనకగా ధ్వజం కట్టడం కూడా వెనకడుగేనని కేతనుడు తల అడ్డంగా ఊపాడు. మైలారుడు మాత్రం తమ్ముడి చీర వంక చూసి ఒకసారి ఫక్కున నవ్వి, తరవాత నిదానంగా అడిగాడు.

“ఆ జంతువు బురదలో దిగబడిందన్నావు. ఎంత లోతున?”

“మోకాలి బంటి. నలుగురు లాగితే వచ్చింది.”

“అయితే వెనక్కి వద్దు, రాళ్లూ వద్దు. నేను ముందుకు పోతా. మడుగులోకి.”

సారంగుడికి ఒళ్లు మండిపోయింది. నిన్ను కాపాడుకోవడానికి చెప్తే నువ్వు చావడానికి వాడుకుంటావా అని అన్న మీద అరిచాడు, ఏడ్చాడు, అన్నం తిననని మొరాయించాడు. మైలారుడు ముద్ద కలిపి వాడి నోట్లో పెట్టాడు. ముందుకు అడుగు వేయకూడదని మాత్రం ఎవరూ అనలేదుగా అన్నాడు. అతనితో వాదించి నెగ్గినవాడు అంతవరకూ లేడు.

తెల్లారింది. ఏడు పేటల తాడు బిగించారు. కొంగ ఈకలు గాలికి రెపరెపలాడాయి. గౌరసాని ఎదురుముద్ద అందుకోవడానికి అరచేయి చాచి వాలు కింద నిలబడింది. అవతల మారకుడు ఆకులో మూటకట్టిన ముద్దను రెండు చేతులా పట్టుకుని నడక మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మైలారుడు తన వరస దాటాడు, పులిదళం దాటాడు, ఒంటరిగా, నిదానంగా, వీపున రెండు నిలువుల ధ్వజంతో తుంగమడుగులోకి దిగి నడవసాగాడు. రెండు సేనలూ ఊపిరి బిగబట్టాయి. చీలమండ లోతు, పిక్క లోతు, మోకాటి లోతు. ఆహా, అది నడకంటే! పెళ్లిపందిట్లోకి వెళ్లే పెళ్లికొడుకు కూడా అంత ధీమాగా నడవడు.

బెరాండు అది చూశాడు. తాను కొండెక్కి వేటాడవలసిన ధ్వజం తనంతట తానే కిందికి వచ్చి ఎదట నిలబడితే ఏ సేనాని ఆగుతాడు? ముద్ద ఏమిటో, మారకుడు రెండు చేతులూ చాచి ఎక్కడికి పోతున్నాడో అతనికి పట్టలేదు. బూర ఊదించాడు. ఎనభై గుర్రాలు నేల అదిరేలా దౌడు తీస్తూ మారకుడి పక్క నుంచే దూసుకుపోయాయి. ఆ తాకిడికి ముద్ద అతని చేతుల్లోంచి జారి మట్టిలో పడింది.

మారకుడు వంగి ఆ మెతుకులు ఏరుకున్నాడు. వెనక్కి తిరిగి తన సేన వంక చూశాడు. అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతని వెనక వరస కూర్చుంది. దాని వెనకది. కన్ను మూసి తెరిచేలోగా పదివేలమంది ఆయుధాలు ఒళ్లో పెట్టుకుని పొలంగట్టు మీద సేద తీరేవాళ్లలా కూర్చుండిపోయారు. దుబాసీ అటూ ఇటూ పరుగులు పెడుతూ లేవండని బతిమాలాడు. ఒక్కడూ లేవలేదు.

గుర్రాలు మడుగులో పడ్డాయి. ముందువి పొట్ట దాకా దిగబడితే వెనకవి వాటి మీదికి వచ్చి పడ్డాయి. ఇనుము తొడిగిన రౌతులూ, వాళ్ల వెనక పరుగెత్తుకొచ్చిన మిగతా దొరలూ బురదలో బోర్లాపడి లేవలేక కాళ్లు కొట్టుకున్నారు. నిప్పుగొట్టాలు తడిసి ఉట్టి గొట్టాలయ్యాయి. పులిదళం కొండ దద్దరిల్లేలా కేక పెట్టి వాలు దిగింది. బెరాండు జీను మీద నుంచి తలకిందులుగా పడి, లేచి, పారిపోకుండా ముందు తన గుర్రం కడుపుకు బిగిసిన పట్టెలు కోసి దాన్ని వదిలించాడు. అది గట్టు చేరే దాకా చూసి, ఆ తరవాత కత్తి దూసి, కాలినడకన ధ్వజం వైపు తిరిగాడు. దొంగదెబ్బ తీసినవాడే కావచ్చు, పిరికివాడు మాత్రం కాడు.

కాని మైలారుడు దిగిపోతున్నాడు. గడ బరువుకు బురద అతన్ని నడుము దాకా లాగేసింది. గట్టు మీద నుంచి చూస్తున్న సారంగుడికి ఆ సంగతి అందరికంటే ముందు అర్థమైంది. తాడు కోస్తే అన్న బతుకుతాడు, ధ్వజం పడుతుంది, శిలావతి పోతుంది. కోయకపోతే ధ్వజమూ అన్నా కలిసే మునుగుతారు. వాడు తుంగలో పడుతూ లేస్తూ పోయి, ఊపిరి బిగబట్టి బురదలోకి మునిగి, అన్న తొడల మధ్య తల దూర్చి, మడుగు అడుగున కాళ్లకు తగిలిన ఒక రాతిపలక మీద పాదాలు ఆనించి పైకి లేచాడు. మైలారుడు వాడి మెడ మీదికి వచ్చాడు. ధ్వజం మళ్లీ నిటారుగా నిలిచింది. సారంగుడికి గొంతు దాకా బురద.

“దించెయ్ రా తమ్ముడూ, చస్తావు,” అన్నాడు మైలారుడు.

“దించను,” అన్నాడు సారంగుడు.

జంభలుడు అంతా చూస్తూనే ఉన్నాడు. పొగకుండ మూత తీసి, గుప్పెడు పొడి వేసి, నోటితో ఊదాడు. బూడిదరంగు పొగ పాకుతూ వచ్చి తుంగను కప్పింది, గుర్రాలను కప్పింది, చివరికి వెండిబిళ్లనూ కప్పేసింది. నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు. కాసేపటికి కొండ మీద భేరి మోత మందగించింది. ధ్వజం కనబడటం లేదని, పడిపోయిందని ఎవరో అరిచారు. కర్రకత్తులు ఒకటొకటే గట్టు రాళ్ల మీద పెడుతున్న చప్పుడు మడుగులోకి వినిపించింది. పద్ధతి పద్ధతే. ధ్వజం పడిందనుకున్న వీరులు ఇళ్లకు బయలుదేరుతున్నారు.

దళాలను పేరు పెట్టి పిలిచే హక్కు ధ్వజధారికి ఉంది. మైలారుడు గొంతెత్తి పిలిస్తే ధ్వజం బతికే ఉందని వాళ్లకు తెలుస్తుంది. పిలవడానికి ఊపిరి పీల్చుకుంటుండగా, పొగలో ఎక్కడో దగ్గర్లోనే బురద చప్పుడయింది. ఎవరో కత్తితో తుంగ నరుక్కుంటూ వస్తున్నారు. నాలుగడుగులు నడిచి ఆగుతున్నారు, చెవి ఒగ్గి వింటున్నారు, మళ్లీ నడుస్తున్నారు. ఇనుము ఇనుముకు తగిలి చిన్నగా మోగింది.

మైలారుడు వంగి తమ్ముడి చెవిలో గుసగుసగా అన్నాడు.

“పిలిస్తే వాడికీ వినబడుతుందిరా. కింద ఉన్నావు, ముందు దొరికేది నువ్వే.”

సారంగుడి రెండు చేతులూ అన్న మోకాళ్లను పట్టుకుని ఉన్నాయి. అవి వదిలితే ధ్వజం లేదు. వాడు గడ్డం పైకెత్తి, నోట్లోకి వచ్చిన బురద ఉమ్మేసి, భయంగా ఉందని దాచకుండా చెప్పాడు. ఆ వెంటనే, “పిలు అన్నా. నేను కదలను,” అన్నాడు.

“పులిదళమా, ఉన్నాను,” అని మైలారుడు గొంతు చించుకుని పిలిచాడు.

గట్టు మీదా కొండ మీదా చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. ఒక్క గొంతు ఉన్నామంది. దాని వెంట వంద, వాటి వెంట వేయి. ఇవతల తుంగ నరికే కత్తి దారి మార్చుకుని తిన్నగా ఆ అన్నదమ్ముల వైపు తిరిగింది, ఈసారి ఆగి వినకుండా, వడివడిగా. సారంగుడు కళ్లు గట్టిగా మూసుకుని మోకాళ్లను ఇంకా బిగించి పట్టుకున్నాడు. మైలారుడు రెండో దళం పేరు పిలిచాడు.